మార్లీ పేరు రాసిన కేకు

గురువారం పొద్దున్న ఆరున్నరకు డెస్మండ్ ప్రొథరో టోస్టు మీద వెన్న రాసుకుంటూ, ఇవాళ పది గంటలకు ఒక మనిషిని నలుగురి ముందూ మెచ్చుకోవాలని తీర్మానించుకున్నాడు. ఆయనకు అరవై నాలుగేళ్ళు. తన దగ్గర పనిచేస్తున్న మనిషిని ఇంతవరకూ అలా మెచ్చుకుని ఎరగడు. మనసు లేక కాదు, వాళ్ళ ఊరు యారండూలో ఆ అలవాటు లేదు. అక్కడ పంపు అద్భుతంగా పనిచేస్తే "పర్లేదు" అంటారు. వరసగా నాలుగేళ్ళు కరువొచ్చి ఐదో ఏడు చెరువులు నిండేలా వాన కురిసినా "పర్లేదు" అనే అంటారు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట నోలీన్ తెల్లగౌనులో చర్చిలోకి నడిచి వస్తుంటే డెస్ అన్న మాట కూడా అదే. ఆవిడ ఇంకా మర్చిపోలేదు.

"ఏంటి, తెల్లారకుండానే మొహం అలా పెట్టావ్?" అంది నోలీన్.

"మార్లీని మెచ్చుకుందామనుకుంటున్నా."

నోలీన్ టీ కప్పు కింద పెట్టేసింది. "ఒంట్లో బాగానే ఉందా?"

ఒంట్లో బాగానే ఉంది. బాగా లేనిది దుకాణంలోనే. 'ప్రొథరో పంపులు, ట్యాంకులు' అనే బోర్డు వాళ్ళ నాన్న కట్టి యాభై ఎనిమిదేళ్ళయింది. గడిచిన ఆరేళ్ళలో ఆ బోర్డు కింద పనికి చేరిన కుర్రకారు పది మంది, వెళ్ళిపోయిన కుర్రకారు తొమ్మిది మంది. కొందరు బంగారు గనులకు పోయారు, కొందరు సముద్రపు ఒడ్డుకు పోయారు, ఒకడు పెద్ద ఊళ్ళో కాఫీ కలపడానికి పోయాడు. మిగిలింది మార్లీ ఒక్కతే. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ట్యాంకులో నీళ్ళెన్నున్నాయో ఫోనులో చూపించే యంత్రాలు బిగించడం ఆ చుట్టుపక్కల ఆమెకు తప్ప ఎవరికీ రాదు. రైతులు ఫోన్ చేసి "డెస్ ఉన్నాడా" అనడం మానేసి రెండేళ్ళయింది. "మార్లీ ఉందా" అంటున్నారు.

అటువంటి పిల్ల మంగళవారం నాడు పెట్రోలు బంకు దగ్గర స్టబ్స్‌తో మాట్లాడుతూ డెస్ కంటపడింది. స్టబ్స్‌కు జిల్లాలో నాలుగు పంపుల దుకాణాలున్నాయి. పనోళ్ళను తయారుచేసుకోవడం కంటే తయారైనవాళ్ళను ఎత్తుకుపోవడం తేలికని నమ్మిన మనిషి. అదీ చాలదన్నట్టు బుధవారం మార్లీ వచ్చి, శుక్రవారం సెలవు కావాలంది. నాలుగేళ్ళలో ఏనాడూ సెలవడగని పిల్ల! డెస్ రెండూ రెండూ కలిపి ఇరవై రెండు చేసుకుని, రాత్రంతా పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

"అది కూడా పోతే షట్టరు దించెయ్యడమే నోలీన్. ఇంక నా వల్ల కాదు."

"ఆ ముక్కే దానితో చెప్పొచ్చుగా?"

"ఊరికే చెప్తే ఏం బావుంటుంది? మొన్న టౌన్‌హాల్లో వాడెవడో వచ్చి చెప్పాడు కదా, ఈ కాలం పిల్లలు డబ్బుకొక్కదానికే నిలబడరు, అందరి ముందూ మెచ్చుకోవాలి, వేడుకలా చెయ్యాలి అని. కేకు తెప్పిస్తా. కార్డు మీద అందరితోనూ రాయిస్తా. నాలుగు మాటలు మాట్లాడతా."

చెప్పినవాడు కోసు ముక్కు బూట్లేసుకుని పట్నం నుంచి వచ్చాడు. వాడి మాటలో తప్పేం లేదు. వాడికి యారండూ తెలియదు, అంతే. ఆ ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న మనిషికి కేకు పెట్టరు. మానేస్తున్న మనిషికి పెడతారు. పదింటి టీ వేళకు కేకు వచ్చిందంటే, పెద్ద కార్డు ఒకటి చాటుమాటుగా చేతులు మారిందంటే, ఎవరో పెట్టె సర్దుకుంటున్నారని లెక్క. డెస్ స్వయంగా అటువంటి కేకులు తొమ్మిది కోయించాడు. ఆ వీడ్కోలు సభల్లో ఆయన మాట్లాడే తీరుకు ఊళ్ళో మంచి పేరుంది. ఉన్నన్నాళ్ళూ "పర్లేదు" అనిపించుకున్న కుర్రాడు పోయే పూట బంగారమైపోయేవాడు. వినడానికి జనం పనులు మానుకుని వచ్చేవారు. ఇదంతా డెస్‌కు తెలియదా అంటే బాగా తెలుసు. ఆ పొద్దున గుర్తు రాలేదు, అదే ఖర్మ.

ఏడింటికి బేకరీకి ఫోన్ చేశాడు. బేకరీ గ్లెనిస్ మంచి మనిషే గానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"గ్లెనిస్, పదింటికి ఓ పెద్ద కేకు కావాలి. మీద 'థాంక్యూ మార్లీ' అని రాయించు."

"అయ్యయ్యో! మార్లీ కూడానా?"

"మార్లీయే. అసలు ఎప్పుడో చెయ్యాల్సిన పని. నాదే ఆలస్యం."

"అంత మాటన్నావేంటి డెస్! పాపం, ఆ పిల్ల ఏం చేసిందని?"

"ఏం చేసిందా? నాలుగేళ్ళుగా ఏం చేస్తోందో కళ్ళారా చూస్తూనే ఉన్నా కదా. ఇంక నోరు మూసుకుని ఊరుకోలేను. దానికి మాత్రం ఒక్క ముక్క చెప్పకు. పదింటికి అందరి ముందూ నేనే చెప్తా."

"అందరి ముందూనా!" అంది గ్లెనిస్.

గ్లెనిస్ ఇచ్చిన మాట తప్పలేదు. మార్లీకి ఒక్క ముక్క చెప్పలేదు. మార్లీ తప్ప రొట్టె కోసం వచ్చిన ప్రతి ప్రాణికీ చెప్పింది. ఆ పిల్ల ఆవిడ బేకరీ పైగదిలోనే అద్దెకుంటోంది కనుక, కళ్ళు తుడుచుకుంటూనే ఏడుంబావుకల్లా కిటికీ అద్దం మీద 'గది ఖాళీ అగును' అని కాగితం అంటించింది. దుఃఖం దుఃఖమే, అద్దె అద్దే.

డెస్ ఏడున్నరకు దుకాణం తెరిచి సొరుగులోంచి కార్డు తీశాడు. డజను కొంటే చవకని ఆరేళ్ళ కిందట కొన్నవి, ఇంకా మూడు మిగిలాయి. దాన్ని స్టోరు చూసే క్లైవ్ చేతిలో పెట్టాడు. క్లైవ్ అక్కడ ముప్పై ఒక్క ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. ఆ కార్డుల సంగతి అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"మార్లీకి. ఏదైనా రాయి. వచ్చేపోయేవాళ్ళతో కూడా రాయించు. గప్‌చుప్‌గా."

క్లైవ్ కార్డు వంకా, డెస్ వంకా మార్చి మార్చి చూశాడు. "గట్టిగా నిర్ణయించేసుకున్నావా బాసూ?"

"రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే ఖాయం చేసుకున్నా."

"స్టబ్స్ గొడవేనా?"

"స్టబ్స్ గొడవే. ఇంకా ఊరుకుంటే ఎలా?"

మార్లీ అంటే క్లైవ్‌కు ప్రాణం. పైపుల అరల వెనక్కి వెళ్ళి, పావుగంట ఆలోచించి, కార్డు మీద "నువ్వు పర్లేదు. క్లైవ్" అని రాసి, ముక్కు గట్టిగా చీదుకున్నాడు. తొమ్మిదయ్యేసరికి దాని మీద ఇరవై రెండు సంతకాలు పడ్డాయి. ధైర్యంగా ఉండమని కొందరు, దేవుడున్నాడని కొందరు రాశారు. గొర్రెల సంతలో వేలం పాడే మెర్విన్ అయితే "డెస్ ఇంత పని చేస్తాడనుకోలేదు" అని పెద్దక్షరాలతో రాశాడు.

ఇదంతా జరుగుతుండగా మార్లీ ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో, ముసలి హెదరింగ్టన్ పొలంలో, గొర్రెల నీళ్ళతొట్టిలో మోచేతుల దాకా చేతులు పెట్టి వాల్వు మారుస్తోంది. అక్కడ ఫోను పలకదు. పని ముగించి తొమ్మిదిన్నరకు గట్టు మీద గేటు దగ్గరకు వచ్చేసరికి ఫోను ఒక్కసారిగా గోల పెట్టింది. మొదటి సందేశం నెట్‌బాల్ కోచ్‌ది. "శనివారం ఫైనల్‌కి నీ బదులు పోస్టాఫీసు వాళ్ళమ్మాయిని వేశాం. ఏమనుకోకు. ఎక్కడున్నా చల్లగా ఉండు." రెండోది ఎవరో కొత్త టీచరుగారిది. "బేకరీ మీద గది మీదేనటగా, పొద్దుటెండ పడుతుందా?" మూడోది ఎవరిదో తెలియదు. ఏడుపు బొమ్మలు ఆరు, అంతే.

ఇంట్లో ల్యాండ్‌లైనులో కబురు విన్న హెదరింగ్టన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నెమ్మదిగా వచ్చాడు. "అమ్మాయ్, నువ్వు వేసిన వాల్వు ఇంతవరకూ ఒక్కటి కారలేదు. ఆ మాట ఎవరడిగినా చెప్తా. ఎక్కడికి రాసివ్వమన్నా రాసిస్తా."

"నాకెందుకు రాసివ్వడం? నేనెక్కడికెళ్తున్నాను?"

ముసలాయన మొహం పాలిపోయింది. "నీకింకా చెప్పలేదా? అయితే నేనేమీ అనలేదు, నువ్వేమీ వినలేదు!" అని టోపీ నెత్తిన పెట్టుకుని, డెబ్భై ఎనిమిదేళ్ళవాడు గొర్రెల మధ్యలోంచి పరుగు లంకించుకున్నాడు.

అంతలో మార్లీ ఫోన్ మోగింది. స్టబ్స్.

"విన్నాను. డెస్‌కి కళ్ళు నెత్తికెక్కాయా ఏంటి? సోమవారం నుంచి నా దగ్గరికొచ్చెయ్. కొత్త వ్యాను ఇస్తా. పదింటికి నేనే వస్తున్నా, అక్కడే మాట్లాడుకుందాం."

"నన్ను తీసేశాడని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పలేదో అడుగు, తొందరగా అయిపోతుంది."

మార్లీ వ్యాన్లో కూర్చుని ఐదు నిమిషాలు ఏడ్చింది. నాలుగేళ్ళు! ఎండనక వాననక, పండగపూట కూడా ఫోనెత్తిన నాలుగేళ్ళు. ఊరంతటికీ చెప్పిన మనిషికి తనకొక్కదానికి చెప్పడానికి నోరు రాలేదా? తర్వాత ఏడుపు ఆగి కోపం వచ్చింది. కోపంతో తోలితే ఇరవై కిలోమీటర్లు ఎంతసేపు.

పది గంటలకు డెస్ వెనక షెడ్డు తలుపు తీసి నిర్ఘాంతపోయాడు. నలభై మంది ఉన్నారు. తలా ఒక పళ్ళెం తెచ్చారు. గుడ్డు సాండ్‌విచ్‌లు, మాంసం రొట్టెలు, కొబ్బరి పొడిలో దొర్లించిన లామింగ్టన్ కేకుముక్కలు బల్ల మీద పట్టక ట్యాంకు మూతల మీద కూడా పెట్టారు. ఎవరూ నవ్వడం లేదు. మార్లీని ఇంతమంది ఇంత అభిమానిస్తున్నారా అని డెస్‌కు గుండె నిండిపోయింది. కోసు బూట్లవాడికి మనసులోనే ఓ దండం పెట్టుకున్నాడు.

మార్లీ వచ్చింది. ఒక చేతిలో వ్యాను తాళాలు, ఇంకో చేతిలో పెద్ద రెంచి. జనం దారి ఇచ్చారు. డెస్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మెచ్చుకోవడానికి ఆయన దగ్గరున్న మాటలన్నీ వీడ్కోలు మాటలే, పాపం, వేరేవి నేర్చుకోలేదు.

"మార్లీ ఈ గుమ్మంలోకి వచ్చిన రోజు నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. ఆ రోజు రెంచి ఎటు పట్టుకోవాలో తెలీదు దీనికి. ఇవాళ దీని చెయ్యి పడని పంపు ఈ జిల్లాలో లేదు. ఇలాంటి మనిషి మళ్ళీ దొరకదు. నేను నోరు తెరిచి ఏనాడూ చెప్పలేదు. అది నా తప్పు."

షెడ్డంతా ముక్కులు చీదుకున్న చప్పుడు. గ్లెనిస్ కేకు మీది గుడ్డ తీసింది. 'థాంక్యూ మార్లీ' అని ఉంది. దాని కింద, ఆవిడ సొంత బుద్ధి కొద్దీ, 'మంచి రోజులొస్తాయి' అని కూడా ఉంది.

మార్లీ వ్యాను తాళాలు కేకు పక్కన ఠప్పున పెట్టింది. "ఇంత మంచిదాన్నయితే ఎందుకు తీసేస్తున్నావ్ డెస్? తీసేస్తే తీసేశావ్, నీ నోటితో నాకు చెప్పలేకపోయావా? హెదరింగ్టన్ గొర్రెలకి కూడా నాకంటే ముందు తెలుసు!"

"తీసెయ్యడమేంటి?" అన్నాడు డెస్.

"కేకేంటి మరి?"

"మెచ్చుకుందామని!"

"మెచ్చుకోడానికి కేకెందుకు?" అని వెనక నుంచి క్లైవ్ అడిగాడు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు అడిగిన ప్రశ్న అది.

"వెళ్ళిపోతుందేమోనని, ఉంచుకుందామని!" డెస్ చేతులు గాల్లో తిప్పాడు. "స్టబ్స్‌తో మాట్లాడింది, సెలవడిగింది… నేనెందుకు పంపిస్తానయ్యా, ఇది లేకపోతే నా దుకాణమే లేదు!"

నలభై మంది ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "అయితే ఇప్పుడు ఎవరూ వెళ్ళడం లేదా?" అంది గ్లెనిస్, పళ్ళాల వంక దిగులుగా చూస్తూ.

"వెళ్తోంది, నా దగ్గరికి!" అంటూ స్టబ్స్ లోపలికొచ్చాడు. "కొత్త వ్యాను ఇస్తానని చెప్పాను."

అంతే, డెస్‌కు ఒళ్ళు తెలియలేదు. "కొత్త వ్యాను నేనూ ఇస్తా! వారానికి నాలుగు రోజులే పని!"

"మూడున్నర!" అన్నాడు స్టబ్స్.

వేలం పాట చెవిన పడితే మెర్విన్ ఆగలేడు, అది ఆయన రక్తంలో ఉంది. ట్యాంకు మూత మీదకు ఎక్కేశాడు. "మూడున్నర పాట! మూడున్నర, మూడున్నర… డెస్, ఏమంటావ్?"

"మూడున్నరే, వ్యాన్లో ఏసీ!"

"ఏసీ, పైగా నెట్‌బాల్ ఉన్న ప్రతి శనివారం సెలవు!"

"అదీ ఇస్తా! వ్యాన్లో కుక్కకి సీటు కూడా!"

"దానికి కుక్క లేదు!" అని అరిచాడు స్టబ్స్.

"కుక్కని కూడా నేనే ఇస్తా!"

"కుక్కొచ్చిందండీ, కుక్కొచ్చింది!" మెర్విన్ చెంచాతో ట్యాంకు మీద కొట్టాడు. "కుక్కతో సహా ప్రొథరో పాట! ఒకటోసారి… రెండోసారి…"

మార్లీ రెంచి ఎత్తి బల్ల మీద ఒక్కటి వేసింది. లామింగ్టన్‌లు ఎగిరి పడ్డాయి. "ఆపండి! నేనేమన్నా సంతకొచ్చిన పొట్టేలునా? పళ్ళు కూడా చూస్తారా? ఇంతమంది ఉన్నారు, నాకేం కావాలని ఒక్కరైనా అడిగారా?"

మెర్విన్ మెల్లగా మూత దిగాడు.

"నీకేం కావాలి?" అన్నాడు డెస్. నాలుగేళ్ళలో ఆమెను ఆ మాట అడగడం అదే మొదలు. అడుగుతుంటే ఆయనకు సిగ్గేసింది.

మార్లీ తల వంచుకుంది. అంతసేపూ లేని బెరుకు ఇప్పుడు వచ్చింది. "ఈ దుకాణం," అంది.

డెస్ సరిగా వినబడనట్టు ముందుకు వంగాడు.

"రేపు సెలవెందుకడిగాననుకున్నావ్? బ్యాంకుకెళ్దామని. ఎప్పుడో నువ్వు దిగిపోయే రోజున దీన్ని నేను తీసుకోడానికి అప్పిస్తారేమో కనుక్కుందామని. వాళ్ళు ఛీ పొమ్మంటే నీ ముందు నవ్వులపాలైపోతానని చెప్పలేదు."

"మరి బంకు దగ్గర స్టబ్స్‌తో?"

"టైర్లకి గాలి కొట్టే గొట్టం ఎక్కడుందని అడిగాడు."

అందరూ స్టబ్స్ వంక తిరిగారు. "నిజమే," అన్నాడు స్టబ్స్. "మూలకి పెట్టారు, కనబడదు."

డెస్ పక్కనే ఉన్న పైపుల కట్ట మీద కూర్చుండిపోయాడు. షట్టరు దించడం గురించి ఆయన ఆరు నెలలుగా ఆలోచిస్తున్నాడు. తాళాలు ఇంకొకరి చేతిలో పెట్టవచ్చన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు. వాళ్ళ నాన్న కట్టిన దుకాణాన్ని కోరి అడిగే మనిషి కళ్ళెదుటే ఉంటే, తను కేకు తెప్పించి కుక్కని ఇస్తానన్నాడు. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. మోకాళ్ళు నొప్పెడుతున్నాయని కూడా అప్పుడే ఒప్పుకోబుద్ధయింది.

"నాకేం తొందర లేదు డెస్," అంది మార్లీ. "రెండేళ్ళయినా, మూడేళ్ళయినా…"

"నాకుంది," అన్నాడు డెస్. "రేపు బ్యాంకుకి నేనూ వస్తా. వాళ్ళివ్వకపోతే నాకే నెమ్మదిగా కట్టుకుందువు గానీ. సోమవారం నుంచి నా కుర్చీలో నువ్వు కూర్చో." అని దుకాణం తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టి, ఆ చెయ్యి కాసేపు వదల్లేదు.

జనానికి ప్రాణం లేచి వచ్చింది. మొత్తానికి ఎవరో ఒకరు వెళ్ళిపోతున్నారు, తెచ్చిన పళ్ళాలకు న్యాయం జరిగింది. గ్లెనిస్ చాకుతో 'మార్లీ' గీకేసి, ఆ పక్కనే 'డెస్' అని మీగడతో రాసింది. కార్డు మీద పేరు కొట్టేసి ఆయనకే ఇచ్చారు. స్టబ్స్ నాలుగు లామింగ్టన్‌లు తిని, వేలం బాగా పాడావని మెర్విన్‌తో కరచాలనం చేసి వెళ్ళిపోయాడు. అన్నీ అయ్యాక నోలీన్ వచ్చింది.

"ఏమైంది? మెచ్చుకున్నావా?"

"మెచ్చుకున్నా."

"ఉంటానందా?"

"ఉంటుంది. నేనే పోతున్నా."

నోలీన్ మొగుణ్ణి ఎగాదిగా చూసి, "పర్లేదు," అంది.

బ్యాంకువాళ్ళు అప్పిచ్చారు. మార్లీ కుర్చీ ఎక్కింది. మూడు వారాలు గడిచేసరికి ఆమెకు ఒక సంగతి తెలిసొచ్చింది. యాభై ఎనిమిదేళ్ళుగా ఆ జిల్లాలో భూమి కింద పాతిన పైపులు ఎక్కడ మొదలై ఎక్కడ తేలతాయో ఏ కాగితం మీదా లేదు. ఏ బోరులో ఎవరి సుత్తి పడిపోయిందో, ఏ గాలిమరను ఎటువైపు తన్నితే తిరుగుతుందో, అంతా డెస్ బుర్రలో ఉంది. ఆ బుర్రేమో టోపీ పెట్టుకుని రోజూ నది ఒడ్డున చేపలు పడుతోంది. ఎన్నడూ లేనిది ఈల కూడా వేస్తోంది.

నాలుగో సోమవారం పొద్దున్న మార్లీ డెస్ ఇంటి వరండాలోకి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, దారిలో బట్టీపట్టుకున్నదంతా గుక్కతిప్పుకోకుండా ఒప్పజెప్పింది. "నీ అనుభవం మా సంస్థకి చాలా విలువైనది డెస్. నీలాంటి మనిషి మళ్ళీ దొరకడు. వారానికి రెండ్రోజులొస్తే చాలు, ఏ రెండ్రోజులో నీ ఇష్టం. ఏమిస్తే వస్తావో నువ్వే చెప్పు."

డెస్ ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, ఆలోచించుకుని చెబుతానన్నాడు.